పర్లాకిమిడిలో గేమ్ టీషర్టుల షాపు పెడితే నవ్వుతారా?

పర్లాకిమిడి తమ్ముడి ప్రశ్న పొడుగ్గా ఉంది, మిగతావాళ్ల కోసం కుదించి చెప్తాను. వయసు 29. ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. చిన్నప్పటి నుంచి వీడియో గేములంటే ప్రాణం. ఇంట్లో అద్దాల బీరువా నిండా గేమ్ బొమ్మలు, మగ్గులు, కీచైన్లు. టెక్కలి నుంచి పెళ్లి సంబంధం వస్తోంది. వాళ్లు ఇల్లు చూడ్డానికి వచ్చేలోపు ఆ బీరువా ఖాళీ చేసెయ్యమని నాన్నగారు పట్టుబట్టి కూర్చున్నారు. తమ్ముడికేమో పిన్ని కొడుకుతో కలిసి గేమ్ టీషర్టులు, బొమ్మలు అమ్మే షాపు పెట్టాలని ఉంది. బొమ్మలు దాచెయ్యాలా, షాపు నడుస్తుందా, మన ఊళ్లలో గేములాడేవాణ్ణి ఎప్పటికైనా మర్యాదగా చూస్తారా అని అడిగాడు.

పర్లాకిమిడిలాగే నాదీ ఒడిశా వైపే, బరంపురం. టీషర్ట్ ప్రింటింగ్, గిఫ్టుల షాపు నడుపుతున్నాను. అంతకుముందు అదే షటర్‌లో వీడియో గేమ్ పార్లర్ ఉండేది. పిల్లల్ని చెవి పట్టుకుని లాక్కెళ్లిన నాన్నల్ని చూశాను, ఇప్పుడు అదే పిల్లలకి గిఫ్టు కొనడానికి వచ్చిన వాళ్లనీ చూస్తున్నాను. కాబట్టి నా మాట కాస్త వినొచ్చు.

షాపు సంగతి తర్వాత. ముందు బీరువా. దాన్ని ఖాళీ చెయ్యకు. అద్దాలు తుడిచి, బొమ్మల మీద దుమ్ము దులిపి, ముందు గదిలోనే ఉంచు.

ఎందుకంటే, పెద్దవాళ్ల భయం బొమ్మల గురించి కానేకాదు. ఫోన్ గురించి. తలుపు దగ్గరకి వేసుకుని రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ పట్టుకున్న కుర్రాడు లోపల ఏం చేస్తున్నాడో ఇంట్లోవాళ్లకి తెలియదు. క్రికెట్ గేమా, రమ్మీయా, బెట్టింగ్ యాప్ లో జీతమంతా పోసి ఏడుస్తున్నాడా, ఎలా తెలుస్తుంది? బయటి నుంచి చూస్తే అన్నీ ఒకటే, నీలం వెలుగు పడ్డ మొహం. ఇటు గంజాం, గజపతి, అటు శ్రీకాకుళం, ఎక్కడ చూసినా ఆన్‌లైన్ పందేలకి అప్పులపాలైన ఇల్లు ఒకటి ప్రతి ఒక్కరికీ తెలిసే ఉంటుంది. సంబంధాల దగ్గర "కుర్రాడు గేములాడతాడట" అనే మాట "తాగుతాడట" పక్కన కూర్చున్నది అందుకే. నిజానికి ఆంధ్రాలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం దేశం మొత్తానికి చట్టం తెచ్చింది. డబ్బు పందెం గేములు నిషిద్ధం, ఈ-స్పోర్ట్స్ (పోటీగా ఆడే వీడియో గేములు), సరదా గేములు వేరు అని అందులో స్పష్టంగా గీత గీశారు. చట్టం గీసిన ఆ గీత మన వీధి అరుగు దాకా ఇంకా రాలేదు, అంతే.

బీరువాలో బొమ్మ అలా కాదు. అది కళ్లకి కనిపిస్తుంది, చేత్తో పట్టుకోవచ్చు, "ఇదెంతరా?" అని అడగొచ్చు. లెక్క తెలిసిన సరదా మీద మనవాళ్లకి అంత కోపం ఉండదు. నా కౌంటర్ దగ్గర రోజూ చూసేది ఇదే. మొన్నామధ్య చేనేత వీధి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పట్టు నేసిన చేతులు, కళ్లజోడు తాడుకి వేలాడుతోంది. బెంగళూరులో ఉన్న మనవడికి పుట్టినరోజు మగ్గు కావాలన్నాడు. మనవడు ఫోన్‌లో చెప్పిన బొమ్మ చూపించాను. ఎర్ర టోపీ, గుబురు మీసాలు. మగ్గుని అటూ ఇటూ తిప్పి, "ఎవడు బాబూ వీడు?" అన్నాడు. మారియో అండీ, ప్లంబర్ అన్నాను. "అయితే పనీపాటా ఉన్నవాడే," అని జేబులోంచి డబ్బు తీశాడు. బేరం కూడా ఆడలేదు, బరంపురంలో అది చిన్న విషయమేం కాదు.

ఇంకో సంగతి ఆలోచించు. మన ఊళ్లకి గేము కన్నా ముందు గేమ్ సరుకే వచ్చింది. పోకెమాన్ జపాన్‌లో 1996లో గేముగా పుట్టింది. అది ఆడాలంటే గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టే మెషీన్ కావాలి. ఆ రోజుల్లో మన వీధిలో గేమ్‌బాయ్ చూసినవాడు ఎవడు? కానీ టీవీలో కార్టూన్ వచ్చింది, చిప్స్ ప్యాకెట్‌లో టాజోలనే గుండ్రటి బొమ్మ బిళ్లలు వచ్చాయి, వాటికోసం స్కూల్లో కొట్టుకున్నారు. అందులోని పికాచూ బొమ్మ స్కూల్ బ్యాగు మీద, టిఫిన్ బాక్సు మీద, రథయాత్ర తిరునాళ్లలో బెలూన్ల మీద ఎక్కింది. ఏ తండ్రీ దాన్ని తప్పు పట్టలేదు. అమెరికాలోనూ బొమ్మ చేసిన పని ఇదే. పాక్-మ్యాన్ గేము 1980లో వచ్చినప్పుడు ఆర్కేడ్‌లంటే, అదే నాణెం వేసి ఆడే గేమ్ పార్లర్లంటే, పిల్లలు చెడిపోయే చోట్లని పెద్దల గోల. రెండేళ్లు తిరిగేసరికి ఆ పసుపు మొహం లంచ్ బాక్సుల మీద, దుప్పట్ల మీద ఉంది, 1982లో కార్టూన్ సీరియల్ కూడా వచ్చేసింది. మెషీన్‌లో నాణెం వెయ్యని అమ్మమ్మకి కూడా ఆ మొహం తెలుసు. తెలిసిన మొహం అంటే సగం భయం పోయినట్టే.

పర్లాకిమిడి వాడివి కాబట్టి ఇది నీకు ఇంకా బాగా పనికొస్తుంది. మారియోని తయారుచేసిన నింటెండో కంపెనీ 1889లో క్యోటోలో మొదలైంది. అప్పుడు వాళ్లు అమ్మింది పూల బొమ్మల పేకముక్కలు. ఆ ముక్కలతో జూదగాళ్లు కూడా ఆడేవారు. మరి పర్లాకిమిడి దేనికి పేరు? కొమ్ము బొమ్మలకీ, గంజపా ముక్కలకీ. గుడ్డ మీద జిగురు పట్టించి, గుండ్రంగా కోసి, చేత్తో రంగులేసిన ఆటముక్కలు. ఎనిమిది రంగుల ఆటకి రంగుకి పన్నెండు చొప్పున 96 ముక్కలు. ఇప్పుడు వాటిని ఫ్రేములో పెట్టి డ్రాయింగు రూములో తగిలించుకుంటున్నారు, కళ అంటున్నారు. ఆడే రోజుల్లో ఎన్ని తిట్లు తిన్నారో ఎవరికెరుక. మీ నాన్నగారికి ఈ ముక్క చెప్పి చూడు. ఒప్పుకోరు, కానీ వింటారు.

సరే, ఆరేళ్ల పిల్లాడి బ్యాగు మీద పికాచూ ఉంటే ముద్దు, 29 ఏళ్ల వాడి బీరువాలో ఉంటే బుద్ధి లేనట్టు ఎందుకైంది? వయసు కారణమంటే నేను నమ్మను. నలభై దాటిన వాళ్లు హీరో ఫ్లెక్సీకి పాలాభిషేకం చేస్తారు, రిలీజు రోజు ఆఫీసుకి సెలవు పెడతారు, హీరో బొమ్మ టీషర్టు వేసుకుని సోంపేట నుంచి వైజాగ్ వెళ్తారు. ఎవరూ సంబంధం తప్పించరు. సినిమా అభిమానులకి కూడా ఒకప్పుడు పోరంబోకు కుర్రాళ్లనే పేరుండేది. గుంపుగా ఉండి, ఊరికి కనిపించే పని ఏదో చేశారు కాబట్టి ఆ పేరు కొంత మాసింది. చిరంజీవి బ్లడ్ బ్యాంకు 1998లో మొదలయ్యాక అభిమాన సంఘం అంటే రక్తదానం కూడా గుర్తొస్తుంది. గేములాడేవాడు ఒంటరి. వాడికి సంఘం ఉన్నా అది హెడ్‌ఫోన్ లోపలే ఉంది. ఒంటిమీద టీషర్టు, బ్యాగుకి కీచైన్ బయటికి కనిపించే గుర్తులు. బస్సులో ఎదుటివాడి టీషర్టు చూసి "నువ్వూ ఆడతావా?" అని పలకరించుకున్న ఇద్దరు నా షాపుకి కలిసి వచ్చారు, ఒకడు ఒడియా, ఒకడు తెలుగు, మాట్లాడుకునేది మాత్రం సగం హిందీ.

టీషర్టూ ఒక వేషమే. వేషం అనే మాట వచ్చిందంటే మా ఠాకురాణి అమ్మవారి యాత్ర చెప్పకుండా ఉండలేను. రెండేళ్లకోసారి బరంపురం మొత్తం రాత్రుళ్లు రోడ్డు మీదే ఉంటుంది. మొక్కు ఉన్నవాళ్లు పులి వేషం, దేవుళ్ల వేషాలు, రాక్షసుల వేషాలు కట్టి తిరుగుతారు. ఒళ్లంతా పసుపు, నలుపు చారలు పూసుకుని తాళానికి అడుగేసే పులిని చూసి వయసెంత అని ఎవరూ అడగరు. పబ్జీ ఊపు మీదున్న రోజుల్లో జరిగిన ఒక యాత్రలో ఒక కుర్రాడు అట్టతో చేసిన హెల్మెట్ పెట్టుకుని, వీపున వంటింటి పెనం కట్టుకుని వచ్చాడు. ఆ గేములో పెనం తూటాలకి అడ్డుపడుతుంది, ఆడినవాళ్లకి తెలుసు. పిల్లలు ఈలలేశారు. ఒక ముసలమ్మ మాత్రం ఏ వేషమో ఏమిటో అడగనే లేదు, పులికి ఇచ్చినట్టే వాడి చేతిలోనూ పది రూపాయల నోటు పెట్టి దణ్ణం పెట్టి వెళ్లింది. పెద్ద నగరాల్లో కాస్‌ప్లే (గేమ్, కార్టూన్ పాత్రల వేషాలు) అని టికెట్టు పెట్టి చేసేది మనకి ఊరిపండగలో ఉచితం. మనవాళ్లకి వేషం కొత్త కాదు, ఎవరి వేషమో తెలియకపోవడమే కొత్త.

ఇక సంబంధం వాళ్లు వచ్చిన రోజు. వాళ్లు బీరువా చూసి అడుగుతారు. నసగకుండా చెప్పు. ఉద్యోగం వచ్చాక జీతంలోంచి కొన్నాను, నెలకి ఇంత కన్నా ఎక్కువ పెట్టను, రమ్మీ, బెట్టింగ్ జోలికి పోను. ఈ మూడూ చాలు, మూడూ నిజమైతేనే చెప్పు. అమ్మాయితో విడిగా మాట్లాడే వీలుంటే ఎన్ని గంటలు ఆడతావో కూడా చెప్పు. వారం చివర్లో రాత్రి పన్నెండు దాకా ఆడతానంటే ఆడతాననే చెప్పు. పెళ్లయ్యాక తెలిస్తే గొడవ గేము గురించి ఉండదు, దాచావనే దాని గురించి ఉంటుంది. బొమ్మలు అటకెక్కించి, పెళ్లయిన నెలకి కిందికి దించుకున్న ఒకాయన నా కస్టమరే. అత్తగారు ఇప్పటికీ "ఇంకేం దాచావు బాబూ?" అంటుందట, నవ్వుతూనే అనుకో.

మీ నాన్నగారితో వాదించేటప్పుడు ఈ-స్పోర్ట్స్ వార్తలు చూపించకు. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ని బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించింది, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలు ఇచ్చారు, అన్నీ నిజమే. కానీ ఆయన అడిగే మాట నాకు ఇక్కడికే వినిపిస్తోంది: "అయితే నువ్వు ఏషియాడ్‌కి వెళ్తున్నావా?" ఆ ప్రశ్నకి నీ దగ్గర జవాబు లేదు. నువ్వు ఉద్యోగం చేసుకుంటూ సరదాకి ఆడేవాడివి, అలాగే చెప్పు. ఒకవేళ ఆయన "డబ్ల్యూహెచ్ఓ దీన్ని జబ్బు అంది" అంటే దానికి మాత్రం సరైన జవాబుంది. ఆ సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో గేమింగ్ రుగ్మత ఉన్నమాట వాస్తవం. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా కనీసం ఏడాదిపాటు ఉండి చదువో, ఉద్యోగమో, ఇల్లో దెబ్బతింటే దాన్ని జబ్బు అన్నారు. టైముకి ఆఫీసుకెళ్తూ, ఇల్లూ చూసుకుంటూ, అదుపులో ఆడేవాడికి అది వర్తించదు. నీకే ఎప్పుడైనా అదుపు తప్పుతోందని అనిపిస్తే మాత్రం మా ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మానసిక విభాగానికి రావడానికి సిగ్గుపడకు.

ఇప్పుడు షాపు. నిజం చెప్పాలంటే ఒక్క గేమ్ సరుకుతో పర్లాకిమిడిలో షటర్ అద్దె రాదు. బరంపురంలో నాకే రాదు. నా గల్లాలో పెళ్లిరోజు మగ్గులు, కాలేజీ బ్యాచ్ టీషర్టులు, పూజ కమిటీ టీషర్టులే అద్దె కడతాయి. గేమ్ సరుకు షోకేసులో ఉండి కుర్రాళ్లని లోపలికి లాగుతుంది. నీకు సెంచూరియన్ యూనివర్సిటీ ఉంది, ఎస్‌కేసీజీ కాలేజీ ఉంది, హాస్టళ్లు ఉన్నాయి. అక్కడి ఫెస్టులకి ఆర్డర్లు పట్టుకో. షటర్ తీసుకోకుండా ఇంట్లో హీట్ ప్రెస్ (వేడితో బొమ్మ అంటించే మెషీన్) పెట్టుకుని ఒక ఏడాది నడిపి చూడు. ఉద్యోగం మానకు.

అందరూ తడబడేది లైసెన్సు దగ్గర. నెట్‌లో మారియో బొమ్మ దింపుకుని టీషర్టు మీద కొట్టి అమ్మడం నేరం. ఊళ్లో అందరూ చేస్తున్నారంటే చేస్తున్నారు. ట్రేడ్‌మార్క్ చట్టం కిందా, కాపీరైట్ చట్టం కిందా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. తయారుచేసినవాడికే కాదు, తెలిసి అమ్మినవాడికీ. నీలాంటి చిన్న షాపుకి విదేశీ కంపెనీలు నేరుగా లైసెన్సు ఇవ్వవు. లైసెన్సు ఉన్న మన దేశపు బ్రాండ్ల దగ్గర హోల్‌సేల్‌లో తెచ్చి అమ్ముకో, ట్యాగు మీద హక్కుదారు పేరు ఉందో లేదో చూసి బిల్లు జాగ్రత్తగా దాచుకో. బొమ్మలైతే ఇంకో చిక్కు ఉంది. 2021 జనవరి నుంచి పిల్లల ఆటబొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. గుర్తు లేని పార్శిల్ సరుకు చవగ్గా వస్తుంది, రంగు వాసన కొడుతుంది, నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంటికి నేనైతే అమ్మను.

మరి లాభం ఎక్కడ? సొంత డిజైన్లలో. గేము పేరు, పాత్ర బొమ్మ వాడక్కర్లేదు, గేములాడే ఇంటి బతుకు గియ్యి చాలు. నా దగ్గర అన్నిటికన్నా ఎక్కువ పోయిన టీషర్టు మీద ఒకే వాక్యం ఉంది: "అమ్మా, ఆన్‌లైన్ గేముకి పాజ్ ఉండదు." వెనకాల ఒడియాలో అదే మాట. దాన్ని కుర్రాళ్లు కొన్నదాని కన్నా అమ్మలు కొన్నదే ఎక్కువ. ఒకావిడైతే కౌంటర్ దగ్గరే అడిగింది, నిజంగానే ఉండదా అని. అవతల ఇంకో ఊళ్లో, ఇంకో దేశంలో కూర్చున్నవాళ్లు కూడా అదే సమయంలో ఆడుతుంటారు, మనవాడు ఆగితే జట్టు ఓడిపోతుందని చెప్పాను. "ఆ ముక్క వాడు ఎప్పుడూ చెప్పలేదే, విసుక్కుంటాడంతే," అంది. గేము గురించి ఆ ఇంట్లో మొదటిసారి మామూలు మాటలు ఆ రాత్రి జరిగి ఉంటాయని నా నమ్మకం. నేను ప్రింటు కొట్టే టీషర్టుకి అంత శక్తి ఉందని గొప్పలు పోవడం లేదు, కానీ మాట మొదలుపెట్టడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. మీ వైపు సవర గిరిజనులు గీసే బొమ్మల పద్ధతి ఉంది, మీకు కళాకారులు అందుబాటులో ఉన్నారు. వాళ్లకి డబ్బిచ్చి, పేరు వేసి, జాయ్‌స్టిక్ పట్టుకున్న మనుషుల్ని గీయించు. పూజ కోసం గోడ మీద వేసే ఇడితల్ జోలికి మాత్రం పోకు.

ఆంధ్రాలోని పాతపట్నం మీకు పక్కనే కాబట్టి ఒక సరిహద్దు జాగ్రత్త. అక్కణ్ణుంచి వచ్చి కౌంటర్ దగ్గర డబ్బిచ్చి పట్టుకెళ్లే కస్టమర్‌తో మామూలుగా చిక్కు ఉండదు. నువ్వే సరిహద్దు దాటించి ఆంధ్రాకి టీషర్టులు పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మకం. ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటేదాకా సరుకు వ్యాపారానికి ఉన్న జీఎస్టీ మినహాయింపు అక్కడ పనిచెయ్యదు, మొదటి టీషర్టుకే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. మొదలుపెట్టే ముందు సీఏని ఒకసారి కలువు.

ప్రింటింగ్‌కి డీటీఎఫ్ ఎంచుకో, అంటే ఫిల్ము మీద బొమ్మ కొట్టి వేడితో గుడ్డకి అంటించే పద్ధతి. కాటన్ మీద నిలుస్తుంది, ఒక్క టీషర్టు ఆర్డరైనా తీసుకోవచ్చు. సబ్లిమేషన్ (వేడికి రంగు ఆవిరై పట్టే పద్ధతి) మగ్గులకీ పాలిస్టర్‌కే, కాటన్‌కి పట్టదు. తిరుప్పూర్ నుంచి 180 జీఎస్ఎం (గుడ్డ బరువు లెక్క) బయోవాష్ (నూగు పోయేలా ఉతికిన) సరుకు తెప్పించు, అంతకన్నా పల్చనివి రెండు ఉతుకులకి సాగి ఊళ్లో పేరు పోతుంది. వానాకాలంలో డీటీఎఫ్ ఫిల్ము తేమ లాక్కుంటుంది, మూతపెట్టిన డబ్బాలో సిలికా సంచులు వేసి ఉంచు. తిరగేసి ఉతకమని, బొమ్మ మీద ఇస్త్రీ పెట్టొద్దని ప్రతి కస్టమర్‌కీ చెప్పు, కవరు మీద కూడా రాయి. సైజుల్లో ఎల్, ఎక్స్ఎల్ ఎక్కువ తీసుకో, గేమ్ కుర్రాళ్లు లూజుగానే వేసుకుంటారు. ఎస్ సైజు కొద్దిగా చాలు, నా దగ్గర పోయిన ఏడాదివి ఇంకా అలాగే పడి ఉన్నాయి.